పిల్లల్ని సాకేవాళ్ళకి ఏం కావాలి: ప్రకాశం జిల్లా నుంచి ఒక ఫోస్టర్ కేర్ కేసు

ఈ కేసులో నేను ఒక తప్పు చేశాను. పిల్లల ఫైల్లో ఉన్న ఒక విషయాన్ని, వాళ్ళని ఇంటికి తీసుకెళ్ళబోయే దంపతులకి చెప్పలేదు. చెబితే వెనక్కి తగ్గుతారేమోనని భయపడ్డాను. ఆ తప్పు వల్ల ఏం జరిగిందో, ఆ ఇల్లు మళ్ళీ ఎలా నిలదొక్కుకుందో, అందుకు ఆ భార్యాభర్తలకి ఏమేం అవసరమయ్యాయో ఇక్కడ రాస్తున్నాను. ఫోస్టర్ కేర్ (కన్నవాళ్ళు చూసుకోలేని పిల్లల్ని కొంతకాలం వేరే కుటుంబం తన ఇంట్లో ఉంచుకుని సాకటం) గురించి ఎక్కడ మీటింగ్ పెట్టినా పిల్లలకి ఏం కావాలన్న మాటే నడుస్తుంది. సాకే పెద్దవాళ్ళకి ఏం కావాలని అడిగేవాళ్ళు తక్కువ. పిల్లలకి ఇలాంటి ఇళ్ళు వెతికే పనిలో పదమూడేళ్ళుగా ఉన్న నేను కూడా ఆలస్యంగానే అడిగాను.

పిల్లల గుర్తింపు బయటపెట్టకూడదని జువెనైల్ జస్టిస్ చట్టం, 2015 లోని సెక్షన్ 74 చెబుతుంది. అందుకే పేర్లు, ఊరు రాయటం లేదు. ఆనవాలు పట్టే వీలున్న కొన్ని వివరాలు మార్చాను. పిల్లలిద్దరినీ అక్క, తమ్ముడు అనే అంటాను.

పిల్లలు

అక్కకి పదకొండేళ్ళు, తమ్ముడికి ఏడు. వాళ్ళ నాన్నది పడమటి ప్రకాశం. వానల్లేక, పొలం పని దొరక్క చీమకుర్తి గ్రానైట్ క్వారీలకి వచ్చాడు. రెండేళ్ళ కిందట తల్లి జబ్బు చేసి చనిపోయింది. ఆ తర్వాత తండ్రికి తాగుడు ఎక్కువైంది, పైగా టీబీ. క్వారీ దుమ్ముకి ఊపిరితిత్తులు అప్పటికే పాడై ఉన్నాయి. రెండు మూడు రోజులు ఇంటికి రాని సందర్భాలు ఉన్నాయి. ఆ రోజుల్లో ఇల్లు నడిపింది అక్కే. పక్క గదిలో ఉండే ఆమె పిల్లల సహాయ నంబరు 1098కి ఫోన్ చేసిన రోజున తమ్ముడికి జ్వరం, ఇంట్లో గింజ లేదు. అక్క పొయ్యి మీద ఉత్త నీళ్ళు కాస్తూ కూర్చుంది. ఎందుకమ్మా అని అడిగితే, పొయ్యి వెలుగుతుంటే వాడు అన్నం వస్తుందనుకుని ఏడవడని చెప్పింది.

బాలల సంక్షేమ కమిటీ (ఇలాంటి పిల్లలు ఎక్కడ ఉండాలో నిర్ణయించే కమిటీ) ముందుగా పిల్లల్ని మేనత్త దగ్గర ఉంచింది. ఆరు వారాలు తిరక్కముందే ఆమె ఇద్దరినీ ఆటోలో తీసుకొచ్చి ఆఫీసు దగ్గర దించేసింది. "ఈ పిల్లకి చేతివాటం ఉంది, వంటింట్లో ఏదీ నిలవదు" అంది. ఆ మాట ఫైల్లోకి ఎక్కింది. తర్వాత మూడు నెలలు పిల్లలు హోముల్లో ఉన్నారు. ఆడపిల్లలది ఒకచోట, మగపిల్లలది ఇంకోచోట. వాళ్ళకి ఒకరికొకరు తప్ప వేరే దిక్కు లేదు, మనం పెట్టిన ఏర్పాటు వాళ్ళని విడదీసింది. అక్క ఆ మూడు నెలలూ సరిగ్గా తినలేదు. తమ్ముడు తిన్నాడో లేదో తెలియకుండా ఎట్టా తింటానని వార్డెన్‌ని అడిగిందట.

తండ్రి బతికే ఉన్నాడు, పిల్లల్ని వదులుకోలేదు. కాబట్టి దత్తత మాటే లేదు. తండ్రి కోలుకునేదాకా ఇద్దరూ ఒకే ఇంట్లో పెరగాలి. ఫోస్టర్ కేర్ ఉన్నది ఇలాంటి పిల్లల కోసమే. తోబుట్టువుల్ని వీలైనంతవరకు కలిపే ఉంచాలని చట్టంలోని సెక్షన్ 44 కూడా చెబుతుంది.

ఇల్లు

టంగుటూరు, కొండపి మధ్య ఒక ఊళ్ళో ఆ ఇల్లు. ఆయనకి నాలుగెకరాల పొగాకు, ఒక బ్యారన్‌లో (పొగాకు కాల్చి ఆరబెట్టే కొట్టం) వాటా. ఆమె మిషన్ కుడుతుంది. ఇద్దరూ యాభైకి దగ్గర్లో ఉన్నారు. ఒక్కడే కొడుకు, బెంగళూరులో ఉద్యోగం. ఇంట్లో ఆయన తల్లి కూడా ఉంటుంది. ఇల్లు ఖాళీగా ఉందని, చేతనైనన్నాళ్ళు పిల్లల్ని చూస్తామని వాళ్ళే అడిగారు. (2024లో వచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇప్పుడు పెళ్ళి కానివాళ్ళు, భార్యో భర్తో పోయినవాళ్ళు, విడాకులు తీసుకున్నవాళ్ళు కూడా 35 నుంచి 60 ఏళ్ళ మధ్య ఉంటే ముందుకు రావచ్చు. ఒంటరి మగవాళ్ళకి మగపిల్లల్నే ఇస్తారు. ఈ సంగతి తెలియక ఆగిపోయినవాళ్ళు నాకు తెలిసి చాలామందే ఉన్నారు.)

ఇంటి పరిశీలన నేనే చేశాను. ఆదాయం, ఆరోగ్యం, పోలీసు వెరిఫికేషన్, ఇరుగుపొరుగు మాట, అన్నీ బాగానే వచ్చాయి. రెండు చోట్ల మాత్రం లోపం చేశాను. నేను వెళ్ళిన రోజు ముసలామె కూతురింట్లో ఉంది. కొడుకూ కోడలూ సరే అన్నారు కదా అని ఆమెతో మాట్లాడకుండానే రిపోర్టు పూర్తిచేశాను. రెండోది, మేనత్త మాట దాచాను. "అక్కడ సర్దుకోలేకపోయారు" అని మాత్రం చెప్పి ఊరుకున్నాను. అబద్ధం చెప్పలేదని ఆ రోజు నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

ఇది దత్తత కాదని, తండ్రి కోలుకుంటే పిల్లలు వెళ్ళిపోతారని మాత్రం ఒకటికి నాలుగుసార్లు చెప్పాను. ఆయన తలూపాడు. ఆమె మాత్రం, "పోయేటప్పుడు చూద్దాం మేడం, ముందు రానీయండి" అంది.

చీమలు

జనవరి మొదటి వారంలో పిల్లలు వచ్చారు. మొదటి మూడు వారాలూ ఫోన్ చేస్తే ఆమె, "బంగారం లాంటి పిల్లలు మేడం, నోట్లో నాలుక లేదు" అనేది. ఆ మాట విని సంతోషించకూడదని నాకు తెలుసు. కొత్త ఇంట్లో పిల్లలు మొదట చుట్టాల్లా ఉంటారు. అడిగినప్పుడే తింటారు, అడక్కుండానే పళ్ళేలు కడుగుతారు. ఈ ఇల్లు మనల్ని ఉంచుకుంటుందో లేదో చూసుకునే సమయం అది. కాస్త నమ్మకం కుదిరాకే లోపల ఉన్నది బయటికి వస్తుంది.

జనవరి చివర్లో ఒక రాత్రి పదింటికి ఫోన్ వచ్చింది. అప్పుడు పొగాకు కాల్చే రోజులు. బ్యారన్‌కి ఒకసారి మంట పెడితే ఆకు ఆరేదాకా రాత్రీ పగలూ ఎవరో ఒకరు కాచుకుని ఉండాలి. ఆయన అక్కడున్నాడు. ఆమె ఊడుస్తుంటే గోడ మీద చీమల బారు కనపడింది. ఎక్కడికి పోతోందా అని చూస్తే, మంచం కింద ఉన్న అక్క సంచీలోకి. సంచీ తెరిస్తే బళ్ళో ఇచ్చిన చిక్కీలు పదకొండు, ప్లాస్టిక్ కవర్లో రాయిలా ఎండిపోయిన ఇడ్లీలు నాలుగు, బెల్లం ముక్క, కాగితంలో కట్టిన ఉప్పు.

"నేను తిండి పెట్టటంలా మేడం? కడుపు మాడుస్తున్నానా? ఊళ్ళో ఎవరన్నా చూస్తే ఏమనుకుంటారు?" అని ఏడ్చేసింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "నేనింకా ఏమీ అన్లేదు. ఆ పిల్ల బట్టలు సర్దుకుని, తమ్ముణ్ణి నిద్రలేపి, వాకిట్లో నిలబడింది" అంది.

ఫోన్లో నేను చెప్పింది కొంచెమే. సంచీలోంచి ఏదీ తీయొద్దు. చీమల్ని దులిపి సంచీ దానికే ఇచ్చేయండి. "లోపలికి రా, పొద్దున్నే బడికి పోవాల" అనండి, ఇంకేమీ అడగొద్దు. పిల్లలు పడుకునేదాకా ఫోన్ పెట్టేయకండి. ఆమె ఫోన్ని కిటికీలో పెట్టి, నేను చెప్పినట్టే చేసింది. దుప్పటి దులిపిన చప్పుడు వినపడింది. పిల్లలు పడుకోవటానికి నలభై నిమిషాలు పట్టింది.

మర్నాడు పొద్దున్నే బస్సెక్కి వెళ్ళాను. ఫైల్లో ఉన్నదంతా ఇద్దరి ముందూ చదివాను. ఆయన అడిగాడు, "ఇదంతా మీకు ముందే తెలుసా?" తెలుసన్నాను. చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. ఆమె అంది, "చెప్తే వద్దంటాననుకున్నారా? ముందే తెలిస్తే ఆ పిల్ల రాత్రిపూట సంచీ భుజాన పెట్టుకుని నిలబడే పని ఉండేది కాదు కదా."

దానికి నా దగ్గర జవాబు లేదు. తప్పు ఒప్పుకున్నాను. ఇకమీదట పిల్లల గురించి నాకు తెలిసింది ఏదీ దాచనని మాటిచ్చాను.

తిండి దాచటం గురించి ఆ రోజే మాట్లాడుకున్నాం. ఆకలి చూసిన పిల్లలకి ఇప్పుడు కడుపు నిండినా రేపటి మీద నమ్మకం ఉండదు. మనం రోజూ అన్నం పెడతాం, పిల్ల కూడా అది చూస్తుంది. అయినా ఒకప్పుడు కూడా ఇలాగే తిన్నామనీ, ఆ తర్వాత ఆగిపోయిందనీ ఒంటికి గుర్తుంటుంది. కాబట్టి దాచుకోవటాన్ని దొంగతనం అనకూడదు. ఆ పిల్ల దృష్టిలో అది తమ్ముడి ప్రాణం కాపాడే పని. "ఎందుకు దాచావ్?" అని నిలదీస్తే ఇంకా లోతుగా దాస్తుంది. దాచాల్సిన అవసరమే లేకుండా చేయాలి.

ఆమె లోపలికి వెళ్ళి మూతున్న స్టీలు డబ్బా ఒకటి తెచ్చింది. కొడుకు హాస్టల్లో ఉన్నప్పుడు జంతికలు పోసి పంపిన డబ్బా. అందులో మరమరాలు, వేరుశనగపప్పు ఉండలు పోసి అక్క మంచం పక్కన పెట్టింది. నియమాలు మేం ముగ్గురం కలిసి పెట్టుకున్నాం. డబ్బా ఎప్పుడూ ఖాళీ కాకూడదు. అందులోంచి ఎంత తీసింది, ఎప్పుడు తీసింది అని అడగకూడదు. అన్నం మానేసి డబ్బా తింటున్నా రెండు వారాలు ఏమీ అనకూడదు. శిక్షగా డబ్బా తీసెయ్యటం అన్నది ఎప్పటికీ ఉండకూడదు.

మొదటి వారం రోజుకి రెండుసార్లు నింపాల్సి వచ్చింది. సంచీలోకి కూడా పోయేవి. మార్చి నాటికి వారానికి ఒకసారి నింపితే సరిపోయింది. సంచీలో దాచటం మాత్రం పూర్తిగా ఆగటానికి ఏడు నెలలు పట్టింది. మధ్యలో ఎవరైనా గట్టిగా కసిరినా, తండ్రి వచ్చివెళ్ళినా మళ్ళీ మొదలయ్యేది. ఇది మొదటికొచ్చినట్టు కాదని ఆమెకి ప్రతిసారీ చెప్పాల్సి వచ్చేది. నెలల తరబడి ఇలా చెబుతూ ఉండటం కూడా మా పనిలో భాగమే.

పని చేస్తేనే ఉంచుతారు

ఫిబ్రవరిలో ఒక ఆదివారం నేను చెప్పకుండా వెళ్ళాను. బ్యారన్ దగ్గర పందిరి కింద ఆడవాళ్ళు పచ్చాకుని కర్రలకి కడుతున్నారు. వాళ్ళ మధ్యలో అక్క. ఆకు జిగురుకి వేళ్ళు నల్లగా అయి ఉన్నాయి. చేతులు చకచకా ఆడుతున్నాయి. ఆమె నన్ను చూసి మురిపెంగా, "చూశారా మేడం, చెప్పకుండానే వచ్చి కూర్చుంది, పనిమంతురాలు" అంది.

ఆ మాట ఆమె ప్రేమగానే అంది. అయినా నేను అక్కడే ఆపించాను. పచ్చి పొగాకులోని నికోటిన్ చర్మంలోంచి ఒంట్లోకి దిగుతుంది. పెద్దవాళ్ళకే వాంతులు, తలతిప్పటం వస్తాయి, తడి ఆకైతే ఇంకా ఎక్కువ. పిల్లల చేత చేయించటం చట్టరీత్యా కూడా తప్పు. ఇంటి పరిశీలన రోజే ఈ షరతు చెప్పి ఉన్నాను. వాళ్ళు చేయించలేదు, నిజమే. కానీ తనంతట తాను చేస్తే ఆపాలని వాళ్ళకి తట్టలేదు.

సాయంత్రం అక్కని పక్కన కూర్చోబెట్టుకుని చేతులకి కొబ్బరినూనె రాస్తూ అడిగాను. ముందు ఏమీ చెప్పలేదు. జిగురు వదిలేదాకా వేళ్ళనే చూసుకుంటూ ఉండి, "ఊరికే తింటుంటే పంపించేస్తారు కదా" అంది.

పనిమంతురాలన్న మెచ్చుకోలు ఆ పిల్లకి, పని చేస్తేనే ఈ ఇంట్లో చోటు అన్నట్టు వినపడింది. ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె ముఖం పాలిపోయింది. ఇంట్లో ఆడపిల్ల పని నేర్చుకోవాలని, మెచ్చుకుంటే పిల్లలు సంతోషిస్తారని మనందరం అనుకునేదే ఆమె కూడా అనుకుంది. మామూలుగా పెరిగిన పిల్లకి అది సరిపోతుంది. ఈ పిల్లకి పనితో సంబంధం లేని మాటలు కావాలి. "నువ్వు వచ్చాక ఇంట్లో సందడిగా ఉంది", "నీ గొంతు బాగుంది", "బడి నుంచి ఎప్పుడొస్తావా అని చూస్తున్నా". ఇలాంటివి ఎలా అనాలో మేం ఇద్దరం నిజంగానే అరుగు మీద కూర్చుని ప్రాక్టీస్ చేశాం. మొదట ఆమెకి సిగ్గేసింది. మా అమ్మ నన్ను ఎప్పుడూ ఇట్టా అనలేదు మేడం, నాకెట్టా వస్తాయి, అంది.

ఇంకో చిక్కు తమ్ముడి దగ్గర వచ్చింది. వాడికి స్నానం చేయించటం, అన్నం కలిపి పెట్టటం అంతా ఇకనుంచి నేను చూసుకుంటాను, నువ్వు ఆడుకో పో అని ఆమె మొదటి రోజే అంది. అక్క ఆడుకోలేదు. తలుపు దగ్గర నిలబడి చూస్తూ ఉండేది. నాలుగో రోజు ఆమె చేతిలోంచి కంచం లాగేసింది. రెండేళ్ళుగా ఆ పిల్లవాడికి తల్లి తనే. ఆ బరువు దించాలన్న మన ఆలోచన మంచిదే, కానీ ఒక్కసారిగా లాగేసుకుంటే ఆ పిల్లకి మిగిలిన ఒక్కటీ పోయినట్టవుతుంది. అందుకని పంచుకున్నారు. తల దువ్వటం, రాత్రి పక్కన పడుకోబెట్టుకుని కథ చెప్పటం అక్కవి. స్నానం, బడి, జ్వరం వస్తే మందులు పెద్దవాళ్ళవి. వేసవి సెలవుల్లో ఒక రోజు అక్క పక్కింటి పిల్లలతో తొక్కుడుబిళ్ళ ఆడుతూ, తమ్ముడు ఏడుస్తుంటే వెనక్కి తిరిగి, "పెద్దమ్మా, వాడు ఏడుస్తున్నాడు చూడు" అని అరిచి మళ్ళీ ఆటలో పడిపోయిందట. ఆ రోజు ఆమె నాకు మధ్యాహ్నం పూట ఫోన్ చేసి మరీ చెప్పింది.

పెద్దమ్మ అన్న పిలుపు కూడా ఊరికే రాలేదు. అమ్మా అని పిలవమని మేం ఎవ్వరం చెప్పలేదు. చెప్పకూడదు కూడా. వాళ్ళ అమ్మ చనిపోయింది, ఆ పిలుపు ఆమెది. ఆంటీ అంటే బాగుండదని ముసలామే పెద్దమ్మ, పెదనాన్న అని అలవాటు చేసింది.

కులం, గ్లాసు

ఆ ముసలామె సంగతి ఇక్కడ చెప్పాలి. పిల్లలు వచ్చిన రెండో రోజే వాళ్ళకి వేరే గ్లాసులు పెట్టింది. కోడలు గమనించేలోపే అక్క గమనించింది. ఫోస్టర్ కేర్ శిక్షణల్లో ఈ విషయం ఎవరూ మాట్లాడరు. మన ఊళ్ళల్లో "ఎవరి పిల్లలు?" అన్న ప్రశ్నకి అర్థం ఏ కులం అనే. పంపు దగ్గర, పెళ్ళి భోజనాల దగ్గర, బడి గేటు దగ్గర, కోడల్ని ఎంతమంది అడిగారో లెక్కలేదు. మొదట్లో బిక్కముఖం వేసి ఇంటికొచ్చేది. తర్వాత మేం ఒక మాట కుదుర్చుకున్నాం: "మా ఇంట్లో పిల్లలు. మా పిల్లలే." అంతకుమించి ఒక్క ముక్క చెప్పకూడదు. పిల్లల కథ పిల్లలది, ఊరికి పంచిపెట్టటానికి కాదు. ముందే అనుకున్న జవాబు నోట్లో ఉంటే మనిషికి ఎంత ధైర్యం వస్తుందో ఆమెలో చూశాను.

ముసలామె రెండు నెలలు పట్టు వదల్లేదు. కోడలు పోట్లాడలేదు. ఇంట్లో అందరి గ్లాసులూ ఒకే రకంవి కొని, ఒకే బుట్టలో బోర్లించటం మొదలుపెట్టింది. ఏది ఎవరిదో తెలియకుండా పోయింది. ముసలామె మనసు మారిందో లేదో నేను చెప్పలేను. ఆమె కంట్లో చుక్కల మందు వేసేది మాత్రం తమ్ముడే అయ్యాడు. ఈ ఇంటి తర్వాత, ఇంట్లో ఉండే ప్రతి మనిషితో విడిగా కూర్చోకుండా నేను ఏ రిపోర్టు మీదా సంతకం పెట్టలేదు.

డబ్బు, కాగితాలు

కేంద్ర ప్రభుత్వ పథకం మిషన్ వాత్సల్య కింద ఫోస్టర్ కేర్‌లో ఉన్న పిల్లలకి నెలకి ఒక్కొక్కరికి 4,000 రూపాయలు ఇస్తారు. ఇద్దరికి 8,000. ఈ కుటుంబానికి మొదటి డబ్బు అయిదో నెలలో పడింది. ఆధార్ లేక బ్యాంకు ఖాతా కాలేదు, పుట్టినరోజు కాగితం లేక ఆధార్ కాలేదు. ఈలోపు మంచం, పరుపు, బూట్లు, డాక్టరు ఖర్చు అన్నీ వాళ్ళే పెట్టుకున్నారు. ఆయన ఒక్కసారి కూడా అడగలేదు. అడగటం నామోషీ అనుకున్నాడు, డబ్బు కోసం సాకుతున్నామని ఊరు అంటుందని భయం. అందుకే మేమే ముందు మాట్లాడాలి. డబ్బు రావటం ఆలస్యం అవుతుందని మొదటి రోజే చెప్పి, అప్పటిదాకా ఎలా గడుస్తుందో కూర్చుని లెక్క వేయాలి. ప్రేమ ఉంటే చాలు, డబ్బుదేముంది అనేవాళ్ళు నెలాఖరులో ఆ ఇంటికి వెళ్ళి చూడాలి.

బడిలో చేర్చేటప్పుడు టీసీ లేదని వెనక్కి పంపారు. విద్యాహక్కు చట్టం, 2009 ప్రకారం టీసీ ఆలస్యమైందని గానీ వయసు ధ్రువపత్రం లేదని గానీ చేర్చుకోకుండా ఉండకూడదు. ఆ సెక్షన్లు తెలుగులో ఒక కాగితం మీద రాయించి ఆయనకిచ్చాను. రెండోసారి నేను లేకుండానే వెళ్ళి చేర్పించి వచ్చాడు. కమిటీ ఇచ్చిన ఆర్డర్ కాపీలు పది తీసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి ఇచ్చాను. ఆసుపత్రిలో, బడిలో, బ్యాంకులో "మీరు వీళ్ళకి ఏమవుతారు?" అని అడిగిన ప్రతిచోటా అదే ఆదుకుంది.

తండ్రి వచ్చినప్పుడు

తండ్రికి ఒంగోలు ప్రభుత్వాసుపత్రిలో టీబీ మందులు మొదలయ్యాయి. నెలకొకసారి పిల్లల్ని కలిసేందుకు కమిటీ అనుమతించింది. కలిసి వచ్చిన ప్రతిసారీ మూడు నాలుగు రోజులు తమ్ముడు పక్క తడిపేవాడు, అక్క మాట్లాడేది కాదు. మార్చిలో పెదనాన్న నాతో కోపంగానే అన్నాడు: "మేం ఇక్కడ కుదురుకుంటున్నాం, ఆయనొచ్చి మొత్తం చెడగొట్టిపోతున్నాడు. ఎందుకు మేడం ఇదంతా?"

ఆ కోపాన్ని నేను తప్పుపట్టలేదు. రాత్రిళ్ళు దుప్పట్లు మార్చేది వాళ్ళు. అయితే పిల్లలు ఏడ్చేది తండ్రి వచ్చినందుకు కాదు, మళ్ళీ వెళ్ళిపోయినందుకు. ఆ తేడా చెబితే ఆయన చాలాసేపు ఆలోచించాడు. పక్క తడపటం గురించి కూడా స్పష్టంగా మాట్లాడుకున్నాం. ఏడేళ్ళ పిల్లవాడు దిగులుతో అలా చేస్తాడు, కావాలని కాదు. తిట్టకూడదు, నలుగురిలో చెప్పకూడదు. పడుకునే ముందు నీళ్ళు తగ్గించి, రాత్రి ఒకసారి లేపితే చాలు. ఆ లేపే పని ఆయన తీసుకున్నాడు. బ్యారన్ నుంచి పదకొండింటికి వచ్చి, వాణ్ణి భుజాన వేసుకుని పెరట్లోకి తీసుకెళ్ళి, మళ్ళీ పడుకోబెట్టి వెనక్కి పోయేవాడు.

మేలో తండ్రిని మధ్యాహ్నం భోజనానికి ఇంటికి పిలిచింది పెదనాన్నే. నేను చెప్పలేదు. పిల్లల ముందు తండ్రి గురించి ఒక్క చెడ్డ మాట అనకూడదని మాత్రం మొదటి నుంచీ అంటూ వచ్చాను. ఆ రోజు ఇద్దరు మగవాళ్ళూ వేపచెట్టు కింద మంచం మీద కూర్చున్నారు. పెద్దగా మాట్లాడుకోలేదు. తమ్ముడు మాత్రం ఇద్దరి మధ్యా కూర్చుని చెరుగ్గడ తిన్నాడు. ఆ రాత్రి పక్క తడవలేదు.

ఫోన్ ఎత్తే మనిషి

నెలకొకసారి తనిఖీ జరగాలని చట్టం చెబుతుంది. ఆ తనిఖీ పిల్లలు క్షేమంగా ఉన్నారా అని చూడటానికి. సాకేవాళ్ళకి దానివల్ల వచ్చే సాయం తక్కువ. ఎవరో పరీక్ష పెట్టటానికి వస్తున్నట్టు ఇల్లు సర్ది, టెన్షన్ పడుతూ కూర్చుంటారు. ఈ కేసులో చీమల రాత్రి తర్వాత నేను మొదటి మూడు నెలలు వారానికొకసారి వెళ్ళాను, రిజిస్టరు లేకుండా. ఫోన్ రాత్రి పదకొండు దాకా ఎత్తుతానని చెప్పాను. పిల్లలు ఆ ఇంట్లో ఉన్న పదిహేను నెలల్లో పెద్దమ్మ రాత్రి పూట ఫోన్ చేసింది తొమ్మిది సార్లే. ఎత్తుతారని తెలిస్తే చాలు, చాలా రాత్రిళ్ళు చెయ్యకుండానే గడిచిపోయాయి అని ఆమే అంది.

రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000 తర్వాత 136 మంది పసిపిల్లల మీద ఒక పెద్ద అధ్యయనం జరిగింది. అనాథాశ్రమాల్లో ఉన్న పిల్లల్లో సగం మందిని ఫోస్టర్ కుటుంబాలకి పంపారు. ఇళ్ళల్లో పెరిగిన పిల్లలు తెలివిలో, అనుబంధంలో ఆశ్రమాల్లో ఉండిపోయినవాళ్ళ కంటే బాగా ఎదిగారని తేలింది. ఈ ఫలితాన్ని అందరూ చెబుతారు. కానీ అక్కడ ఫోస్టర్ తల్లులకి అండగా సోషల్ వర్కర్లని పెట్టారు, ఆ సంగతి ఎవరూ ఎత్తరు. ఇల్లు ఒక్కటే కాదు, ఇంటి వెనక ఒక మనిషి కూడా ఉన్నాడు.

విశ్రాంతి గురించి కూడా చెప్పాలి. జూన్‌లో ఆమె సరిగ్గా నిద్రపోవటం లేదని, చిన్నదానికీ కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయని గమనించాను. మనసు బాగోనప్పుడు మాట్లాడే ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416 ఇచ్చాను. రెండుసార్లు మాట్లాడింది, తెలుగులోనే. దానికంటే ఎక్కువ పనిచేసింది ఆమె చెల్లెలు. పక్క ఊరి నుంచి నెలకి రెండు రోజులు వచ్చి పిల్లల దగ్గర ఉండేది. ఆ చెల్లెలికి కూడా పోలీసు వెరిఫికేషన్ చేయించి, కమిటీకి తెలియజేశాం. అలా తీరిక దొరికిన మొదటిసారి పెద్దమ్మ వేరే ఎక్కడికీ వెళ్ళలేదు. పుట్టింటికి పోయి పగలంతా నిద్రపోయి వచ్చింది.

జిల్లాలో అప్పటికి నాకు తెలిసిన మూడు ఫోస్టర్ కుటుంబాలని ఒంగోలులో రెండు నెలలకోసారి కలిపాను. ఎజెండా లేదు, టీ, బజ్జీలు. "మా వాడు కూడా దాస్తాడు, పరుపు కింద" అని ఇంకో తల్లి అన్నప్పుడు ఈమె గట్టిగా ఊపిరి వదిలింది. నేను ఎన్ని నెలలు చెప్పినా రాని నెమ్మది ఆ ఒక్క మాటతో వచ్చింది.

పంపించటం

తండ్రికి టీబీ నయమైంది. తాగుడు మానటానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది, మధ్యలో ఒకసారి జారాడు కూడా. క్వారీ దుమ్ములోకి మళ్ళీ పోవద్దని డాక్టర్లు చెప్పారు. స్వగ్రామంలో పాల కేంద్రంలో పని దొరికింది, అతని అమ్మ ఇంట్లో తోడుంది. నాలుగు నెలలు వారాంతాలు అక్కడ గడిపించి, ఏప్రిల్లో పరీక్షలు అయ్యాక కమిటీ పిల్లల్ని తండ్రికి అప్పగించింది. స్పాన్సర్‌షిప్ (పిల్లల్ని సొంత ఇంట్లోనే పెంచేందుకు ఇచ్చే ప్రభుత్వ సాయం) కూడా మంజూరైంది.

మొత్తం పదిహేను నెలలు. పిల్లలు వెళ్ళిపోతారని ఆ దంపతులకి మొదటి రోజు నుంచీ తెలుసు. తెలిసినంత మాత్రాన బాధ తగ్గదు. బయటివాళ్ళు, "మీ పిల్లలు కాదుగా, ఎందుకంత?" అన్నారట. బంధువులు, మంచిదైంది బరువు తీరింది అన్నారట. చావు ఇంటికైతే పదిమంది వస్తారు. ఈ ఇంటికి పలకరించటానికి ఎవరూ రాలేదు.

నేను మూడో రోజు వెళ్ళాను. ఆమె వంటింట్లో ఉంది. అన్నం గిన్నె చూపించింది. "అయిదుగురికి పోసిన చెయ్యి మేడం, కొలత తగ్గటంలా. మూడు రోజుల నుంచి మిగిలిపోతానే ఉంది." కాసేపు ఇద్దరం మెట్ల మీద కూర్చున్నాం. చక్కగా సాకారు, మీ వల్లే బాగుపడ్డారు లాంటి మాటలు అప్పుడు పనికిరావు. నేను ఏమీ అనలేదు. ఆమె పిల్లల గురించి చెబుతూ పోయింది, నేను విన్నాను. ఆ నెలలో నాలుగుసార్లు వెళ్ళాను. కేసు మూసేశాక అలా వెళ్ళినందుకు ప్రయాణ ఖర్చు ఏ పద్దు కిందా రాయటానికి వీల్లేదు. ఆ పద్దు ఉండాలని నేను అడుగుతూనే ఉన్నాను.

తండ్రి ఒప్పుకోవటంతో అక్క ఆదివారాలు ఫోన్ చేస్తుంది. స్టీలు డబ్బాని తీసుకుపోతానని అడిగి తీసుకెళ్ళింది. అందులో ఇప్పుడు పెన్నులు, జియామెట్రీ సామాను పెట్టుకుందట.

ఎనిమిది నెలల తర్వాత ఇంకో పిల్ల కోసం ఇల్లు వెతకాల్సి వచ్చి, మొహమాటంగానే వాళ్ళని అడిగాను. తొమ్మిదేళ్ళ అమ్మాయి. ఈసారి ఫైలు మొత్తం తీసుకెళ్ళి అరుగు మీద కూర్చుని చదివాను. గంటన్నర పట్టింది. కష్టమైన పేజీల దగ్గర ఆగలేదు. ముసలామె కూడా పక్కనే కూర్చుని వింది. చదవటం అయ్యాక ఆయన భార్య వైపు చూశాడు. ఆమె కాసేపు ఆలోచించి ఒక్కటే అడిగింది.

"ఆ పిల్లకి రాత్రిపూట లైటు ఉండాల్నా, ఆర్పాల్నా మేడం?"